తిమింగలపు పంటి పిడి, ఎముక కాడ: పాతకాలపు చేతికర్రల సేకరణకు సమగ్ర మార్గదర్శి

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ తిమింగల వేట ఓడల మీద తయారైన చేతికర్రను చూడగానే ఎవరి కళ్ళైనా ముందు పిడి మీదికే పోతాయి. బిగించిన పిడికిలి, ఆ పిడికిలిలో నలిగే పాము, తాడును తలపాగాలా చుట్టినట్టు చెక్కిన ముడి, కుక్క తల, ఆడమనిషి కాలు వంటి పనితనమంతా పిడిలోనే ఉంటుంది కాబట్టి అమ్మేవారు కూడా దాన్నే ముందుకు చూపుతారు. నేను అలవరచుకున్న పద్ధతి మాత్రం దీనికి ఎదురుగా సాగుతుంది. చేతికర్రను నేల తాకే కొస నుండి మొదలుపెట్టి పైకి చదవాలి. పిడి దగ్గరికి చేరేసరికి అది ఏ పదార్థంతో చేసినదో, ఎంత పాతదో, ఎన్ని చేతులు దాని మీద మరమ్మతు చేశాయో చాలావరకు తేలిపోయి ఉండాలి. ఈ వ్యాసంలో ఆ చదువునే వివరంగా చెబుతాను. కొత్త దంతానికి, కొత్త ఎముకకు ఈ సేకరణలో ఏ రకంగానూ చోటు లేదని, ఉండకూడదని కూడా మొదటే స్పష్టం చేస్తున్నాను.

మొదటి మెట్టు: వస్తువు పుట్టుకను తెలుసుకోవడం

ఈ కర్రలు ఎక్కువగా 1830 నుండి 1870 మధ్యకాలానికి చెందినవి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్, నాన్‌టకెట్ రేవుల నుండి బయలుదేరిన ఓడలు మూడు నాలుగేళ్ళ దాకా ఇల్లు చేరేవి కావు. 1857 నాటికి ఒక్క న్యూ బెడ్‌ఫర్డ్ రేవుకే 329 వేట ఓడలు ఉండేవి. తిమింగలం కనబడిన రోజున ప్రాణాలకు తెగించి పనిచేసే మనుషులకు, కనబడని వారాల తరబడి చేయడానికి దాదాపు ఏ పనీ ఉండేది కాదు. ఆ ఖాళీలో పుట్టిన చేతిపనికే స్క్రిమ్‌షా అని పేరు. పంటి మీద బొమ్మలు గీకి మసితో నింపడం అందులో బాగా పేరుపడింది. పిండిని కోసే చక్రాలు, నూలు చుట్టే పరికరాలు, చేతికర్రలు అదే చేతుల నుండి వచ్చిన వాడుక వస్తువులు. ఆ చేతులు న్యూ ఇంగ్లండ్ తెల్లవారివి మాత్రమే కావు. అజోర్స్, కేప్ వెర్డే దీవుల వారు, ఆఫ్రికన్ అమెరికన్లు, వాంపనోగ్ తెగవారు, పసిఫిక్ ద్వీపవాసులు కూడా ఆ ఓడల్లో పనిచేశారు. అందుకే కర్ర మీద పేరు లేనప్పుడు దాన్ని ఫలానా జాతి నావికుడు చేశాడని నిర్ధారించి చెప్పడం తొందరపాటు.

పదార్థం దొరికింది స్పెర్మ్ తిమింగలం కింది దవడ నుండి. ఆ జంతువుకు ఎదిగిన పళ్ళు కింది దవడలోనే ఉంటాయి, ఒక్కో వైపు 18 నుండి 26 వరకు. పెద్ద మగ తిమింగలం పన్ను 20 సెంటీమీటర్ల పొడవు, కిలో దాకా బరువు ఉండవచ్చు. నూనె, బాలీన్ (కొన్ని తిమింగలాల నోటిలో వేలాడే, గోరును పోలిన పదార్థం) మాత్రమే సరుకుగా లెక్కకు వచ్చేవి కాబట్టి పళ్ళను నావికులకు పంచేవారు. (పసిఫిక్‌లో మాత్రం ఆ పళ్ళకు వేరే విలువ ఉండేది. ఫిజీలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారికి తబువా పరిచయమే. పెళ్ళిళ్ళలో, క్షమాపణల్లో ఫిజియన్లు గౌరవంగా సమర్పించే ఆ మెరుగుపట్టిన పన్ను ఈ తిమింగలానిదే.) పన్ను పిడికి చాలుతుంది కానీ కాడకు చాలదు. కాడకు మీటరుకు దగ్గరగా, వంకర లేని, గట్టి ముక్క కావాలి. దవడ వెనుక భాగంలోని వెడల్పైన, దట్టమైన ఎముక సరిగ్గా అలాంటిదే. దాన్ని రంపంతో పొడవుగా చీల్చి, ఆకురాయితో గుండ్రం చేసి, వీలున్న ఓడల్లో తరిమెన పట్టి, చివరికి సొరచేప చర్మంతోనూ బూడిదతోనూ నునుపు తేల్చేవారు.

ఇక్కడ ఒక మాట మీద చాలామంది తడబడతారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్‌లో ‘వేల్‌బోన్’ అన్న మాటకు తరచుగా బాలీన్ అని అర్థం. బాలీన్ ఎముక కాదు. నీటిని వడగట్టి తినే మరో జాతి తిమింగలాల నోటిలో వేలాడే, మన గోరును పోలిన పదార్థం. అది నల్లగా ఉంటుంది, వంచితే వంగుతుంది. తొలి రోజుల్లో నేను కేటలాగులో ఆ మాట చూసి తెల్లని ఎముక కాడ వస్తుందనుకుని డబ్బు కట్టాను. ఇంటికి వచ్చింది నల్లని బాలీన్ కర్ర. అమ్మినవారు రాసిన మాట తప్పు కాదు, దాన్ని చదవడం నాకు రాలేదు. అప్పటి నుండి ఫోటో లేని వర్ణనను, పదార్థాన్ని విడమరచి రాయని వర్ణనను చూసి కొనడం మానేశాను.

రెండో మెట్టు: మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకోవడం

కొనడానికి ముందే ఈ పని పూర్తి కావాలి, ఎందుకంటే దేశాన్ని బట్టి, అమెరికాలోనైతే రాష్ట్రాన్ని బట్టి సమాధానం మారిపోతుంది.

భారతదేశంలో ఉన్నవారికి నా సలహా ఒక్కటే: ఈ ఇష్టాన్ని మ్యూజియం గాజు అద్దానికి ఇవతలి నుండి చూడటం వరకే ఉంచుకోండి. స్పెర్మ్ తిమింగలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది, దాని శరీర భాగాల వ్యాపారం నేరం. అమెరికాలో చట్టబద్ధంగా కొన్న కర్రను సెలవులకు వచ్చేటప్పుడు హైదరాబాద్‌కో విజయవాడకో సామానులో పెట్టుకు రావచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటెస్‌లో ఈ తిమింగలం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి, వస్తువు ఎంత పాతదైనా అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు.

అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1973 నాటి అంతరించిపోతున్న జీవజాతుల చట్టం ముఖ్యమైనవి. వందేళ్ళు దాటిన వస్తువుకు రెండో చట్టంలో పురావస్తువుగా మినహాయింపు ఉంది. అయితే 1973 డిసెంబరు 28 తరువాత ఆ చట్టం కింద రక్షణ ఉన్న జీవుల భాగాలతో దానికి మరమ్మతు జరిగి ఉండకూడదు, వయసును రుజువు చేసే బాధ్యత కూడా వస్తువు ఉన్నవారిదే. ఈ షరతును సేకర్తలు తేలికగా తీసుకుంటారు. విరిగిన పిడి స్థానంలో ఎవరో కొత్త పన్ను చెక్కి పెడితే, కాడ ఎంత పాతదైనా ఆ మినహాయింపు పోతుంది.

రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉన్నాయి. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన న్యూ జెర్సీలో 2014 చట్టం దంతం అన్న మాట కింద తిమింగలపు పంటిని కూడా చేర్చి, పాతదా కొత్తదా అన్న తేడా లేకుండా అమ్మకాన్ని నిషేధించింది; వారసత్వంగా రావడానికి మాత్రం వీలుంచింది. కాలిఫోర్నియాలో 2016 జూలై 1 నుండి అమలవుతున్న చట్టం వందేళ్ళు దాటినట్టు పత్రాలున్న వస్తువును అనుమతిస్తుంది, కానీ అందులో దంతం ఘనపరిమాణం అయిదు శాతం లోపే ఉండాలి. ఒక మామూలు కర్రను తీసుకుని లెక్క వేసి చూడండి. 90 సెంటీమీటర్ల కాడకు సగటు వ్యాసం 1.7 సెంటీమీటర్లైతే దాని పరిమాణం సుమారు 204 ఘన సెంటీమీటర్లు; నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రని పంటి పిడి సుమారు 33. అంటే మొత్తంలో దాదాపు 14 శాతం, పరిమితికి మూడింతలకు దగ్గర. బ్రిటన్‌లో 2018 నాటి దంత చట్టాన్ని 2025 జనవరి 28 నుండి స్పెర్మ్ తిమింగలానికీ వర్తింపజేశారు. ఈ-బే 2009 నుండి దంతపు వస్తువులను అనుమతించడం లేదు. నేను న్యాయవాదిని కాను; చట్టాలు మారుతుంటాయి కాబట్టి పెద్ద మొత్తం పెట్టే ముందు మీ రాష్ట్రంలో తెలిసినవారిని సంప్రదించండి.

మూడో మెట్టు: కంటికి అలవాటు చేయడం

మొదటి సంవత్సరం ఏమీ కొనకుండా చూస్తూ గడపండి. న్యూ బెడ్‌ఫర్డ్ తిమింగల వేట మ్యూజియంలో ప్రపంచంలోకెల్లా పెద్ద స్క్రిమ్‌షా సేకరణ ఉంది. షారన్ పట్టణంలోని కెండాల్ మ్యూజియం సేకరణ కూడా 2001లో అక్కడికే చేరింది. నాన్‌టకెట్‌లో మరో మంచి మ్యూజియం ఉంది. కనెక్టికట్‌లోని మిస్టిక్ రేవులో 1841లో నీటిలోకి దిగిన చార్లెస్ డబ్ల్యూ. మోర్గన్ అనే వేట ఓడ ఇప్పటికీ నిలిచి ఉంది. దాని లోపలి నావికుల గదిలో ఒకసారి తల వంచుకుని నిలబడితే, అంత ఇరుకులో ఎముకను చీల్చి కాడగా మలచడం ఎంత ఓర్పుతో కూడిన పనో అర్థమవుతుంది.

నాలుగో మెట్టు: కింది నుండి పైకి పరీక్ష

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న టార్చి, పొడవు తరంగాల అతినీలలోహిత టార్చి, టేపు, వ్యాసం కొలిచే కాలిపర్స్ వెంట ఉంచుకోండి. చేతులు కడిగి, ఉంగరాలు తీసి, మెత్తని గుడ్డ పరచిన బల్ల మీద కర్రను అడ్డంగా పడుకోబెట్టండి.

ముందు కొస చూడాలి. మన రోకలికి ఉన్నట్టే ఈ కర్రల కొసకు పొన్ను ఉండవచ్చు. అది ఇత్తడిదో వెండిదో కావచ్చు, కొన్నింటికి పంటి ముక్కే పొన్ను. ఏ పొన్నూ లేకుండా ఎముకే నేల తాకేవీ ఉన్నాయి. అరుగుదల ఒక వైపుకు ఎక్కువగా ఉండటం సహజం, ఎందుకంటే మనిషి కర్రను నిట్టనిలువుగా కాక కాస్త వాల్చి వేస్తాడు. అన్ని వైపులా సమానంగా, ఉప్పుకాగితం రుద్దినట్టు అరిగి ఉంటే ఆగి ఆలోచించాలి. తరువాత మొత్తం పొడవు కొలవండి. సాధారణంగా 84 నుండి 94 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. అంతకంటే బాగా పొట్టిగా ఉండి, కొస మొద్దుగా కనిపిస్తే కింది భాగం విరిగి కోసేశారని అనుమానించాలి. కాడ సన్నబడే తీరును పది సెంటీమీటర్లకు ఒకసారి కాలిపర్స్‌తో కొలిచి రాసుకుంటే ఈ సంగతి కంటికంటే ముందు అంకెల్లో బయటపడుతుంది.

ఇప్పుడు కాడ. ఈ మెట్టు మీద తొందరపడకండి. ఎముక బతికున్నప్పుడు దానిలో రక్తనాళాలు పారిన సన్నని గొట్టాలు ఉంటాయి. కాడ పక్కల మీద అవి పొడవునా సాగే చిన్న చిన్న ముదురు గీతల్లా, కోసిన కొస మీద చుక్కల్లా కనిపిస్తాయి. పంటిలో ఇవి ఉండవు. పశువుల ఎముకలోనూ ఇవే గీతలు ఉంటాయి కాబట్టి, ఇది ఎముక అని తేలినంత మాత్రాన తిమింగలానిదని తేలినట్టు కాదు. అక్కడ పొడవు సాక్ష్యం చెబుతుంది. ఆవు ఎముకలోనో గుర్రపు ఎముకలోనో మీటరు నిడివి తిన్నని గట్టి ముక్క దొరకదు, అందుచేత వాటితో చేసిన కర్రలో కొద్ది అంగుళాలకు ఒకసారి అతుకు ఉంటుంది. అతుకులను ఉంగరాల్లాంటి చెక్కడంతోనో నల్ల బిళ్ళలతోనో దాచి ఉండవచ్చు. టార్చిని కాడ పక్కన పెట్టి వెలుతురు ఏటవాలుగా పడేటట్టు తిప్పితే సందు కనిపిస్తుంది. ఇనుప ఊచకు సొరచేప వెన్నుపూసలు గుచ్చి చేసిన కర్రలు కూడా బజారులో ఉన్నాయి. అవీ సముద్రపు వస్తువులే, కొన్ని అందమైనవి, కానీ అవి వేరే జాతి.

మంచి కాడల మీద తాడు పురిలా తిరిగే చెక్కడం, నిలువు గాడులు, పట్టకపు అంచులు, లేదా ఎనిమిది పలకలుగా మొదలై కిందికి వచ్చేకొద్దీ గుండ్రమయ్యే మలుపు ఉంటాయి. చేతితో ఆకురాయి పట్టిన పురిలో మెలికకు మెలికకు మధ్య దూరం కొద్దిగా తేడాగా ఉంటుంది. ఆ తేడా నాకు చాలా ఇష్టం. ఊగే ఓడ మీద కూర్చున్న మనిషి చేయి అందులో తెలుస్తుంది. మెలికలన్నీ అచ్చు పోసినట్టు ఒక్కటిగా ఉంటే యంత్రాన్ని తలుచుకోవాలి.

కాడ పైభాగాన, పిడి కింద, నల్లని లేదా గోధుమ రంగు బిళ్ళలు ఒకటి రెండు ఉంటాయి. అవి బాలీన్, తాబేటి చిప్ప, నల్ల చేవకర్ర, కొమ్ము, కొబ్బరి చిప్పల్లో ఏదైనా కావచ్చు. బాలీన్‌ను పురుగులు తింటాయి. నూట యాభై ఏళ్ళ కర్రలో బాలీన్ బిళ్ళ అంచులు కొద్దిగా తిని ఉంటే నేను కంగారుపడను. ఏ గాటూ లేకుండా నిగనిగలాడితే మార్చారేమోనని చూస్తాను. అతినీలలోహిత వెలుతురు ఇక్కడ ఎక్కువగా ఉపయోగపడుతుంది. చీకటి గదిలో ఎముక, పన్ను నీలి తెలుపుగా మెరుస్తాయి, పాత పొర ఉన్నచోట పసుపు ఛాయ కలుస్తుంది. ప్లాస్టిక్ చాలావరకు మందకొడి నీలంగానో నల్లగానో ఉండిపోతుంది. ఈనాటి జిగురు అతుకు చుట్టూ వేరే రంగు గీతలా బయటపడుతుంది. పిడి ఒక రంగులో, కాడ పూర్తిగా మరో రంగులో మెరిస్తే ఆ రెండూ పుట్టుకతో ఒక్కటి కాకపోవచ్చు. ఒక కర్ర పిడిని మరో కర్ర కాడకు కలిపి అమ్మడం ఈ వ్యాపారంలో ప్లాస్టిక్ నకిలీ కంటే ఎక్కువగా మోసగిస్తుంది, ఎందుకంటే రెండు ముక్కలూ విడివిడిగా నిజమైనవే. పిడి అడుగు వ్యాసం, బిళ్ళ వ్యాసం, కాడ తల వ్యాసం ఒకదానిలోకి ఒకటి సాఫీగా దిగాలి. గోటితో రాస్తే మెట్టు తగలకూడదు.

చివరకు పిడి. స్పెర్మ్ తిమింగలపు పన్ను అడ్డకోతలో రెండు పొరలుగా ఉంటుంది: వెలుపల సిమెంటం, లోపల డెంటిన్, వాటి మధ్య స్పష్టమైన వలయం. పిడికిలి ఆకారపు పిడిలో మణికట్టు అంచున, గుండ్రని పిడిలో నడినెత్తిన ఈ వలయాల కోసం వెతకండి. ఏనుగు దంతంలోనైతే ఒకదానినొకటి ఖండించే వంపు గీతలు వల పన్నినట్టు కనిపిస్తాయి. పద్ధెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు దంతపు రేకులు తాపి, గీతలు చెక్కి, నల్లలక్క నింపి చేసిన పెట్టెలను మ్యూజియాల్లో చూసినవారికి ఆ వల గుర్తు పట్టడం తేలిక. గీకి నలుపు నింపే ఆ పని స్క్రిమ్‌షాకు ఎంత దగ్గరగా ఉన్నా పదార్థం వేరు. వాల్రస్ అనే సముద్ర జంతువు కోరలో లోపలి భాగం ఉడికిన సగ్గుబియ్యం అతికినట్టు మచ్చలుగా ఉంటుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌లో గీతలు ఉంటాయి కానీ అవి పాఠశాల పుస్తకంలో గీసినట్టు సమాంతరంగా, సమదూరంలో సాగుతాయి.

ఎర్రగా కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఇప్పటికీ కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికి భూతద్దం చాలు. అందులో గాలి బుడగలు, అచ్చు అతుకు కనిపిస్తాయి. సూది మచ్చ మాత్రం మానదు.

అయిదో మెట్టు: పదార్థం నిజమైనా వయసు అబద్ధం కావచ్చునని గుర్తుంచుకోవడం

అధ్యక్షుడు కెనెడీ స్క్రిమ్‌షా సేకరించేవారని లోకానికి తెలిశాక 1960లలో వీటికి గిరాకీ పెరిగింది, గిరాకీ వెంటే ప్లాస్టిక్ పోత నకళ్ళు వచ్చాయి. సేకర్తలు వాటిని ‘ఫేక్‌షా’ అంటారు. వాటికంటే కష్టమైనవి నిజమైన ఎముకతో ఇరవయ్యో శతాబ్దంలో చేసినవి. అజోర్స్ దీవుల్లో స్పెర్మ్ తిమింగలాల వేట 1980ల దాకా సాగింది, అక్కడి పనివారు పన్నుతో, ఎముకతో వస్తువులు చేస్తూ వచ్చారు. ఆ పనితనం గౌరవించదగ్గదే, కానీ ఆ వస్తువుకు వందేళ్ళు నిండకపోతే పైన చెప్పిన మినహాయింపు దానికి వర్తించదు.

పేరు, సంవత్సరం, ఓడ బొమ్మ చెక్కి ఉంటే ధర ఎంతో పెరుగుతుంది. అందుకే పాత ఖాళీ కర్రల మీద కొత్త అక్షరాలు చేరుతుంటాయి. భూతద్దం కింద, అక్షరపు గీత ఎక్కడ పాత పగులును దాటుతుందో చూడండి. పగులు ముందే ఉండగా అక్షరం తరువాత చెక్కితే, నింపిన రంగు పగులులోకి పాకి ఉంటుంది, గీత అంచు అక్కడ చిట్లి ఉంటుంది. అక్షరం ముందుదైతే పగులు దాన్ని శుభ్రంగా రెండుగా చీల్చుకుంటూ పోతుంది. టీలోనో పొగాకు నీళ్ళలోనో ముంచి తెచ్చిన పసుపు రంగు చెక్కడపు గుంటల్లో, ఎత్తుల్లో ఒకేలా పరుచుకుంటుంది. చేతులు తాకి తాకి వచ్చిన రంగు అలా ఉండదు, ఎత్తులు నునుపుగా తేలి గుంటలు ముదురుగా నిలుస్తాయి.

చాలా విలువైన వస్తువైతే ప్రయోగశాల సాయం తీసుకోవచ్చు. 1950ల మధ్య నుండి జరిగిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో రేడియోకార్బన్ (వయసు లెక్కకట్టడానికి వాడే కార్బన్ రకం) పెరిగింది కాబట్టి, ఆ తరువాత పెరిగిన కణజాలాన్ని రేడియోకార్బన్ పరీక్ష పట్టుకోగలదు. అయితే సముద్రజీవుల్లో కార్బన్ కొన్ని వందల ఏళ్ళు పాతదిగా కనిపించడం మామూలు కాబట్టి ఆ సవరణ తెలిసినవారే లెక్క చెప్పాలి. జంతువు ఒంట్లో ఆ కణజాలం పెరిగిన కాలాన్నే ఆ పరీక్ష చెబుతుంది, చెక్కిన కాలాన్ని కాదు.

ఆరో మెట్టు: కొనడం

సముద్ర వస్తువుల ప్రత్యేక వేలాలు, ఈ రంగంలో దశాబ్దాలుగా ఉన్న వ్యాపారులు, పాత సేకర్తల వారసులు అనే మూడు దారుల్లో మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే కర్రతో పాటు ఉత్తరాలు, పాత రసీదులు, కర్ర పట్టుకుని నిలబడిన తాతగారి ఫోటో వంటివి అక్కడే దొరుకుతాయి. బిల్లు మీద పదార్థం, సుమారు కాలం, మరమ్మతులు, వస్తువు ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉందన్నది రాయించుకోండి. తప్పని తేలితే వెనక్కి తీసుకుంటామన్న మాట కూడా అదే కాగితం మీద ఉండాలి. రాయడానికి వెనకాడే చోట బేరం ఆడవద్దు. ఎముక కాడ, పంటి పిడి రెండూ ఉన్న కర్రకు చెక్క కాడ ఉన్నదాని కంటే విలువ ఎక్కువ. మామూలు గుండు పిడి కంటే పిడికిలికి, పిడికిలి కంటే పాము పట్టిన పిడికిలికి ఎక్కువ. కానీ మొదటి కొనుగోలుగా నేను చెప్పేది సాదా పిడి, మంచి కాడ, గట్టి పత్రాలు ఉన్న కర్రనే.

ఏడో మెట్టు: కాపాడటం

ఈ కర్రను ఊతగా వాడకండి, మూలకు ఆనించి నిలబెట్టకండి. ఎముక, పన్ను గాలిలోని తేమకు ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతాయి. వేగంగా మారే తేమే పగుళ్ళకు కారణం. 45 నుండి 55 శాతం తేమ నిలకడగా ఉండే లోపలి గోడ అల్మారా మంచిది. అమెరికాలో చలికాలపు హీటర్ గాలి అతి ప్రమాదకరం. నీళ్ళు, సబ్బు, నూనె, ఫర్నిచర్ పాలిష్ ఏవీ తగలనివ్వకండి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము తీస్తే చాలు. ఎండ తగిలితే పాత రంగు వెలిసిపోతుంది. రబ్బరు, రంగు గుడ్డ పసుపు మచ్చలు వేస్తాయి కాబట్టి ఆమ్లం లేని తెల్ల కాగితంలో చుట్టి అడ్డంగా పడుకోబెట్టండి. బాలీన్ బిళ్ళలున్న కర్రను ఆరు నెలలకు ఒకసారి పురుగు కోసం చూడండి. వదులైన పిడిని ఇంట్లో జిగురుతో అతికించకండి. దంతం, ఎముక మీద పనిచేసే సంరక్షకులకు ఇవ్వండి, వారు చేసిన ప్రతి పనినీ రాసి ఇవ్వమనండి.

ప్రతి కర్రకు ఒక దస్త్రం తెరిచి అందులో కొలతలు, బరువు, నాలుగు వైపుల ఫోటోలు, అతినీలలోహిత వెలుతురులో తీసిన ఒక ఫోటో, బిల్లు నకలు పెట్టండి. మీ తరువాత ఆ కర్ర ఎవరి చేతికి వెళ్తుందో వారు ఏ రాష్ట్రంలో అమ్మవచ్చో, ఎక్కడ అమ్మకూడదో, అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదన్న సంగతితో సహా ఒక పేజీలో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి అదే దస్త్రంలో మొదటి కాగితంగా ఉంచండి.